తీర్పు అమలయ్యే చోట: జడ్జి ఫ్రాంక్ జాన్సన్

అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో ఉన్న ఫెడరల్ కోర్టుకు ఫ్రాంక్ మినిస్ జాన్సన్ జూనియర్‌ను జడ్జిగా నియమిస్తూ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1955 అక్టోబరులో సంతకం చేశాడు. ఆ నెలలోనే జాన్సన్‌కు 37 ఏళ్లు నిండాయి. అప్పటి ఫెడరల్ జడ్జీలందరిలోకీ ఆయనే చిన్నవాడు. కొత్త జడ్జి ఊరికి అలవాటు పడకముందే, డిసెంబరు 1న, అదే ఊళ్లో రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్నందుకు అరెస్టయింది. ఆ తర్వాత 24 ఏళ్ల పాటు అలబామాలో జాతి విచక్షణ మీద నడిచిన పెద్ద పోరాటాల్లో చాలా మటుకు ఏదో ఒక రోజు జాన్సన్ కోర్టు మెట్లెక్కాయి.

అమెరికాలో రెండు రకాల కోర్టులు పక్కపక్కనే పనిచేస్తాయి. ప్రతి రాష్ట్రానికీ సొంత కోర్టులుంటాయి. వాటికి వేరుగా, దేశ రాజ్యాంగానికీ కేంద్ర చట్టాలకూ సంబంధించిన వ్యాజ్యాల కోసం ఫెడరల్ కోర్టులుంటాయి. మన దగ్గర కేంద్ర చట్టమైనా రాష్ట్ర చట్టమైనా కేసు ఒకే కోర్టుల వరుసలో పైకి పోతుంది కాబట్టి ఈ ఏర్పాటు తెలుగు పాఠకుడికి కొంచెం కొత్తగా ఉంటుంది. ఫెడరల్ కోర్టుల్లో అన్నిటికన్నా కింది మెట్టు డిస్ట్రిక్ట్ కోర్టు. దేశం మొత్తం ఇప్పుడు 94 డిస్ట్రిక్టులుగా ఉంది. పేరు చూసి మన జిల్లా కోర్టు అనుకోకూడదు. ఒక రాష్ట్రం మొత్తం ఒకే డిస్ట్రిక్ట్ కావచ్చు. అలబామా లాంటి రాష్ట్రంలో ఉత్తరం, మధ్య, దక్షిణం అని మూడు ఉండవచ్చు. రాష్ట్రం చేసిన చట్టం దేశ రాజ్యాంగానికి విరుద్ధమని తేలితే దాన్ని కొట్టివేసే అధికారం ఈ కోర్టుకుంది.

ఈ జడ్జిని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనెట్ ఆమోదిస్తుంది. ఆ తర్వాత పదవీ విరమణ వయసంటూ లేదు. మన హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు దిగిపోవాలి. అమెరికా ఫెడరల్ జడ్జి సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం, కావాలనుకుంటే ప్రాణమున్నంతకాలం కొనసాగవచ్చు. అభిశంసన తప్ప ఆయన్ని తీసే దారి లేదు. పదవిలో ఉండగా జీతం తగ్గించడానికి కూడా వీల్లేదు. అలబామాలో రాష్ట్ర కోర్టుల జడ్జీలు మాత్రం ఓట్లతో ఎన్నికవుతారు. 1950లలో ఆ ఓట్లు దాదాపు అన్నీ తెల్లవాళ్లవే. ఊరంతా కోపగించే తీర్పు ఇచ్చి కూడా మర్నాడు పొద్దున కోర్టుకు రాగలిగిన జడ్జి ఎవరన్నది ఈ ఒక్క తేడాతోనే తేలిపోయేది.

పై కోర్టులు రికార్డు చదువుతాయి, వాదనలు వింటాయి. సాక్షి ముఖం చూసేదీ, ఎవరు నిజం చెబుతున్నారో తేల్చేదీ, జ్యూరీకి చట్టం వివరించేదీ, శిక్ష వేసేదీ కింది కోర్టు జడ్జే. సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పాక దాన్ని ఫలానా ఊళ్లో, ఫలానా బడిలో, ఫలానా తేదీలోగా అమలు చేయించే బరువు కూడా ఆయన మీదే పడుతుంది. జాన్సన్ గొప్పతనం ఈ రెండో పనిలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆయన 1918 అక్టోబరు 30న ఉత్తర అలబామాలోని విన్‌స్టన్ కౌంటీలో, హేలీవిల్‌లో పుట్టాడు. అది కొండ నేలల సీమ. పత్తి తోటల జమీందార్లు, వందలాది బానిసలు అక్కడ లేరు. 1861లో అలబామా దేశం నుంచి విడిపోతానన్నప్పుడు ఈ కౌంటీ ప్రతినిధి ఆ తీర్మానం మీద సంతకం పెట్టనన్నాడు. ఇక్కడి రైతులు అంతర్యుద్ధంలో చేరకుండా ఉండాలని చూశారు. ఆ రోజుల నుంచి ‘ఫ్రీ స్టేట్ ఆఫ్ విన్‌స్టన్’ అన్న పేరు ఆ ప్రాంతానికి స్థిరపడింది. దక్షిణాది అంతా డెమొక్రాట్లదైన కాలంలో ఇక్కడివాళ్లు లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీని వదల్లేదు. జాన్సన్ తండ్రి ఆ పార్టీ తరఫున రాష్ట్ర శాసనసభలో కూర్చున్నాడు. ఏడుగురు పిల్లల్లో పెద్దవాడైన జాన్సన్‌కు చుట్టూ అందరూ ఒక మాట అంటుంటే తాము వేరే మాట మీద నిలబడటం కొత్త సంగతి కాదు.

అలబామా విశ్వవిద్యాలయంలో 1943లో లా పూర్తయింది. అక్కడి సహ విద్యార్థుల్లో జార్జ్ వాలెస్ ఒకడు. ఇద్దరూ బాగా తెలిసినవాళ్లే. చదువు కాగానే జాన్సన్ సైన్యంలో చేరి, నార్మండీ యుద్ధంలో రెండుసార్లు గాయపడ్డాడు. యుద్ధం తర్వాత జాస్పర్ అనే చిన్న ఊళ్లో కొన్నేళ్లు వకీలుగా ప్రాక్టీసు చేసి, 1953లో ఉత్తర అలబామాకు ప్రభుత్వ తరఫు ఫెడరల్ ప్రాసిక్యూటర్ అయ్యాడు. ఆ పదవిలో ఉండగా, నల్లజాతి కూలీలను అప్పుల పేరుతో వెట్టిచాకిరీలో కట్టిపడేసిన భూస్వాములపై కేసు నడిపి శిక్ష వేయించాడు. తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ కూడా సాక్ష్యం గట్టిగా ఉంటే వింటుందని అక్కడే తెలిసింది. పదకొండేళ్ల తర్వాత ఈ అనుభవం మళ్లీ అక్కరకొచ్చింది.

జడ్జిగా మొదటి పెద్ద కేసు బస్సులదే. ఊరి నల్లవాళ్లంతా బస్సులెక్కడం మానేసి నడుస్తుండగా, నలుగురు మహిళలు బస్సుల్లో వేరు సీట్ల చట్టాన్ని సవాలు చేశారు. బ్రౌడర్ వర్సెస్ గేల్ అని ఆ కేసు పేరు. రాష్ట్ర చట్టం చెల్లదనే పిటిషన్లను ఆ రోజుల్లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం వినేది. వాదనలు ముగిసి జడ్జీలు లోపల కూర్చున్నప్పుడు అందరికన్నా కొత్తవాడు ముందు మాట్లాడటం ఆనవాయితీ. ఆ కొత్తవాడు జాన్సన్. రెండేళ్ల ముందు సుప్రీంకోర్టు బడుల్లో వేర్పాటు చెల్లదని చెప్పింది కానీ బస్సుల గురించి ఏమీ అనలేదు. రైలు పెట్టెల్లో వేర్పాటును సమర్థించిన 1896 నాటి తీర్పును పేరు పెట్టి కొట్టివేయనూ లేదు. జాన్సన్‌కు ఇందులో సందేహం కనిపించలేదు: రాష్ట్రం చట్టం చేసి మనుషుల్ని రంగును బట్టి విడదీయడం రాజ్యాంగానికి విరుద్ధం, అది బడైనా బస్సైనా ఒకటే. సీనియర్ జడ్జి రిచర్డ్ రైవ్స్ ఆయనతో ఏకీభవించాడు. మూడో జడ్జి విభేదించాడు. 1956 జూన్‌లో వచ్చిన ఈ తీర్పును నవంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. డిసెంబరులో 381 రోజుల బహిష్కరణ ముగిసి, నల్లవాళ్లు మాంట్‌గోమరీ బస్సుల్లో ఇష్టమైన సీట్లో కూర్చున్నారు. బహిష్కరణకు నాయకత్వం వహించిన యువ పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ పేరు దేశమంతా మోగింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జీలకు మాత్రం సొంత ఊళ్లో పలకరింపులు తగ్గిపోయాయి.

ఆ వెలి చాలా ఏళ్లు సాగింది. ఇంటికి బెదిరింపు ఉత్తరాలూ ఫోన్లూ వచ్చేవి. ఇంటి ముందు పచ్చికలో, తెల్లజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగే కూ క్లక్స్ క్లాన్ ముఠా వాళ్లు శిలువ తగలబెట్టారు. 1967 ఏప్రిల్‌లో మాంట్‌గోమరీలో ఆయన తల్లి ఉంటున్న ఇంటి మీద బాంబు వేశారు. ఆమె ప్రాణాలతో బయటపడటం అదృష్టం. ఏళ్ల తరబడి ఫెడరల్ మార్షల్స్ రాత్రింబవళ్లు ఆ కుటుంబానికి కాపలా కాశారు. జాన్సన్ మాత్రం ఊరు విడిచిపోలేదు, బదిలీ కోరలేదు. చేపలు పట్టుకుంటూ, గోల్ఫ్ ఆడుకుంటూ, కర్రపని చేసుకుంటూ, పాత గోడగడియారాలు బాగుచేసుకుంటూ తీరిక గడిపేవాడు. జీవితాంత పదవి జడ్జికి ఉద్యోగ భద్రత ఇస్తుందే తప్ప ఇరుగుపొరుగుల స్నేహాన్ని ఇవ్వలేదు.

ఆయన ప్రతిసారీ సరిగ్గానే చెప్పాడనడం నిజం కాదు. 1957లో అలబామా శాసనసభ టస్కీగీ పట్టణ సరిహద్దుల్ని తిరగగీసింది. చతురస్రంగా ఉన్న పట్టణం 28 భుజాల వింత ఆకారంగా మారింది. పట్టణంలోని 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ బయటికి పోయారు. తెల్ల ఓటరు ఒక్కడూ పోలేదు. మున్సిపల్ సరిహద్దులు గీయడం రాష్ట్రం పని, అందులో తనకు అధికారం లేదని జాన్సన్ దావా కొట్టేశాడు. 1960లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని ఏకగ్రీవంగా తప్పుబట్టి, కేసును తిప్పి పంపింది. పై కోర్టు గీసిన గీత లోపలే ఉండాలన్న పట్టింపు జాన్సన్‌కు ఎక్కువ. గీత ఎక్కడుందో తెలిసిన తర్వాత ఆయన వెనకడుగు వేయలేదు.

టస్కీగీ ఉన్న మేకన్ కౌంటీలో ఓటర్ల నమోదు కేసే ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే నల్లజాతి ఆచార్యుల దరఖాస్తుల్ని అక్షరాస్యత పరీక్ష పేరుతో తోసిపుచ్చేవారు. సరిగా రాయడం రాని తెల్లవాళ్లకు మాత్రం అధికారులే సాయం చేసి నమోదు చేసేవారు. జాన్సన్ 1961లో రికార్డులు తెరిచి చూసి ఒక సులువైన కొలత పెట్టాడు: ఇప్పటికే జాబితాలో ఉన్న తెల్లవాళ్లలో అందరికన్నా తక్కువ అర్హత ఉన్న మనిషి ఏ మాత్రం నెగ్గాడో, నల్లవాళ్లకూ ఆ మాత్రమే చాలు. పాత అన్యాయంతో నిండిన జాబితాను అలాగే ఉంచి కొత్తవాళ్ల మీద మాత్రం కఠినంగా ఉంటామంటే కుదరదన్నాడు. నమోదు ఎలా సాగుతోందో నెలనెలా కోర్టుకు నివేదిక ఇమ్మన్నాడు. ఇతర ఫెడరల్ కోర్టులు కూడా తర్వాత ఈ కొలతనే వాడాయి.

అంతకుముందే ఇలాంటి ఓటరు రికార్డుల దగ్గర పాత సహ విద్యార్థులిద్దరూ ఎదురెదురుగా నిలిచారు. అప్పటికి వాలెస్ రాష్ట్ర సర్క్యూట్ కోర్టు జడ్జి. కేంద్ర ప్రభుత్వ పౌరహక్కుల కమిషన్‌కు తన దగ్గరున్న రికార్డులు ఇచ్చేది లేదని బయట గర్జించాడు. ఇవ్వకపోతే కోర్టు ధిక్కారం కింద జైలేనని జాన్సన్ చెప్పాడు. 1959 జనవరిలో ఒక రాత్రి వాలెస్ రహస్యంగా జాన్సన్ ఇంటికి వచ్చి, తన రాజకీయం దెబ్బతినకుండా బయటపడే దారి చూడమన్నాడు. జాన్సన్ ఒప్పుకోలేదు. చివరికి రికార్డులు గ్రాండ్ జ్యూరీ చేతికి, అక్కణ్నుంచి కమిషన్‌కు చేరాయి. వాలెస్ ధిక్కరించినట్టు నటించాడే తప్ప నిజానికి లొంగిపోయాడని తీర్పులో రాసి, జాన్సన్ ఆయన్ని నిర్దోషిగా వదిలేశాడు. ధీరుడిగా జైలుకు పోయే అవకాశం కూడా పోయింది. వాలెస్ ఆ తర్వాత ప్రతి ఎన్నికల సభలోనూ జాన్సన్‌ను తిట్టి ఓట్లడిగాడు. 1962లో గవర్నరుగా గెలిచాడు.

సెల్మా ఊరేగింపు కేసు 1965 మార్చిలో వచ్చింది. సెల్మా ఉన్న డల్లాస్ కౌంటీలో ఓటు వయసొచ్చిన నల్లవాళ్లు దాదాపు 15,000 మంది ఉంటే ఓటరు జాబితాలోకెక్కింది మూడు వందల పైచిలుకు మాత్రమే. దీనికి నిరసనగా మార్చి 7న సెల్మా నుంచి రాజధానికి బయల్దేరిన వాళ్లను ఎడ్మండ్ పెట్టస్ వంతెన దాటగానే రాష్ట్ర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితకబాదారు. టీవీలో దేశమంతా చూసింది. రెండ్రోజుల తర్వాత మళ్లీ బయల్దేరతామంటే, ముందు విచారణ జరగాలి, అంతవరకూ ఆగమని జాన్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. ఉద్యమకారుల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. దెబ్బలు తిన్నవాళ్లనే ఆగమనడం ఏం న్యాయమని అడిగారు.

విచారణ మార్చి 11న మొదలై కొద్ది రోజుల్లోనే ముగిసింది. దెబ్బలు తిన్నవాళ్లు బోనులో నిలబడి చెప్పారు. వంతెన దగ్గర తీసిన టీవీ ఫిల్మును చీకటి చేసిన కోర్టు హాలులో వేసి చూపించారు. తాను ఇచ్చే ఉత్తర్వును కేంద్ర ప్రభుత్వం అమలు చేయిస్తుందా అని కూడా జాన్సన్ ముందే వాకబు చేసి తెలుసుకున్నాడు. అమలు కాని ఉత్తర్వు కోర్టు పరువు తీస్తుందన్నది ఆయన నమ్మకం. మార్చి 17న తీర్పు ఇచ్చాడు. రహదారుల మీద జనం నడిచిపోయే హక్కుకు మామూలుగా హద్దులుంటాయి, కానీ జరిగిన అన్యాయం ఎంత పెద్దదైతే నిరసన తెలిపే హక్కు కూడా అంత విస్తరిస్తుంది, ఇక్కడి అన్యాయం ఘోరమైనది అన్నాడు. ఆయన తీర్పులన్నిటిలోనూ న్యాయపండితులు ఎక్కువగా వాదించుకున్న మాట ఇదే. హక్కుకు కొలబద్ద అన్యాయమే అయితే, ఎంత అన్యాయానికి ఎంత రోడ్డు ఇవ్వాలో రేపు ఎవరు తేలుస్తారని విమర్శకులు అడిగారు. ప్రశ్న బరువైనదే. పన్ను కడుతూ ఓటు లేని మనిషికి రోడ్డు కూడా లేకపోతే ఇంకేం మిగులుతుందన్న దాని బరువు అంతకన్నా ఎక్కువ.

ఆ ఉత్తర్వులోని వివరాలు చూస్తే ట్రయల్ జడ్జి పని తెలుస్తుంది. 80వ నంబరు హైవే నాలుగు వరుసలున్న చోట ఎంతమందైనా నడవవచ్చు. రెండు వరుసలకు కుదించుకుపోయిన చోట 300 మందికి మించకూడదు. గవర్నరూ పోలీసులూ అడ్డుకోకూడదు, పైగా రక్షణ ఇవ్వాలి. వాలెస్ అంత ఖర్చు భరించలేమన్నాడు. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ రాష్ట్ర నేషనల్ గార్డును కేంద్రం ఆధీనంలోకి తీసుకుని కాపలాకు పెట్టాడు. మార్చి 21న బయల్దేరిన యాత్ర 54 మైళ్లు నడిచి 25న మాంట్‌గోమరీ చేరేసరికి జనం దాదాపు 25,000 అయ్యారు. ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది.

యాత్ర ముగిసిన రాత్రే, జనాన్ని కారులో తిరిగి దింపుతున్న వయోలా లియుజో అనే డెట్రాయిట్ గృహిణిని క్లాన్ వాళ్లు కాల్చి చంపారు. రాష్ట్ర కోర్టులో హత్య కేసు ఒకసారి తేలకుండా పోయింది, రెండోసారి నిందితుడు విడుదలయ్యాడు. పౌరహక్కుల్ని హరించే కుట్ర అన్న ఫెడరల్ అభియోగం మీద ఆ ఏడాది చివర్లో ముగ్గురు జాన్సన్ ముందుకొచ్చారు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. తేల్చుకోలేకపోతున్నామని వాళ్లు మధ్యలో చేతులెత్తేస్తే, మళ్లీ వెళ్లి ఆలోచించమని జాన్సన్ పంపాడు. ముగ్గురూ దోషులని వాళ్లు తిరిగొచ్చి చెప్పారు. చట్టం అనుమతించిన గరిష్ఠ శిక్ష పదేళ్లు. జాన్సన్ పదేళ్లూ వేశాడు.

కోర్టులో ఆయన తీరు వేరు. చాలాసార్లు నల్ల గౌను వేసుకునేవాడు కాదు, సుత్తి కొట్టేవాడు కాదు. కళ్లద్దాల మీంచి ఒక చూపు చూస్తే హాలు సద్దుమణిగేది. సిద్ధం కాకుండా వచ్చిన లాయరు, అతనిది ఏ పక్షమైనా, చీవాట్లు తినేవాడు. 1961లో, బస్సు ప్రయాణాల్లో వేర్పాటును ధిక్కరిస్తూ తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్లను కొట్టిన క్లాన్ ముఠాలనూ, కళ్లు మూసుకున్న పోలీసులనూ ఇంజంక్షన్‌తో కట్టడి చేసిన ఆయనే, గొడవలు సద్దుమణిగేదాకా యాత్రలు ఆపమని రైడర్లకు కూడా కొద్ది రోజులు ఉత్తర్వు వేశాడు. నియోజకవర్గాల పునర్విభజన, రాష్ట్రమంతటా బడుల్లో వేర్పాటు రద్దు, జ్యూరీల నుంచి ఆడవాళ్లను మినహాయించిన చట్టం కొట్టివేత, ఇవన్నీ ఆయన ఉన్న ధర్మాసనాల నుంచే వచ్చాయి. 1972లో సైన్యంలో పనిచేసే ఒక మహిళ, మగ అధికారుల భార్యలకిచ్చే సౌకర్యాలు తన భర్తకూ ఇమ్మని వేసిన పిటిషన్‌ను మిగతా ఇద్దరు జడ్జీలు తోసిపుచ్చినా, జాన్సన్ విడిగా ఆమె పక్షాన రాశాడు. మరుసటేడాది సుప్రీంకోర్టు కూడా ఆమె పక్షానే తీర్పిచ్చింది.

టస్కలూసాలోని బ్రైస్ పిచ్చాసుపత్రి కేసు పైకి చూస్తే ఉద్యోగాల గొడవ. సిగరెట్ పన్ను రాబడి తగ్గి 1970లో ప్రభుత్వం కొందరు ఉద్యోగుల్ని తీసేస్తే, వాళ్లూ ఒక రోగి తరఫువాళ్లూ కోర్టుకొచ్చారు. అప్పుడు ఆసుపత్రిలో 5,000 మందికి పైగా రోగులున్నారు. మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. నేరం చేయకుండా, విచారణ లేకుండా, వైద్యం కోసమని చెప్పి మనిషిని బలవంతంగా బంధించి, ఆ వైద్యమే చేయకపోతే అది జైలు కాక మరేమిటని జాన్సన్ 1971లో అడిగాడు. అలా బంధించిన రోగికి చికిత్స పొందే హక్కు రాజ్యాంగం ప్రకారమే ఉందన్నాడు. అమెరికాలో ఒక ఫెడరల్ కోర్టు ఈ మాట చెప్పడం అదే మొదలు.

సూత్రం చెప్పి ఊరుకుంటే ఆసుపత్రి మారదని ఆయనకు తెలుసు. ప్రభుత్వానికి ఆర్నెల్ల గడువిచ్చాడు. పని జరగకపోయేసరికి, నిపుణుల్ని పిలిపించి విని, 1972లో కనీస ప్రమాణాల జాబితా ఇచ్చాడు. ఎనిమిది మంది రోగులకు ఒక మరుగుదొడ్డి. పదిహేను మందికి ఒక స్నానపు ఏర్పాటు. గదిలో వేడి 83 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు, 68కి దిగకూడదు. ఇంతమంది రోగులకు ఇంతమంది డాక్టర్లు, ఇంతమంది నర్సులు. ఒక్కో రోగికి విడిగా చికిత్స ప్రణాళిక. జీతం లేకుండా రోగుల చేత ఆసుపత్రి పనులు చేయించకూడదు. జడ్జి మరుగుదొడ్లు లెక్కపెట్టడమేమిటని ఎద్దేవా చేసినవాళ్లున్నారు. రాష్ట్రం లెక్కపెట్టి ఉంటే జడ్జికి ఆ అవసరమే రాదు. 1976లో జైళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి. ఖైదీల్ని కిక్కిరిసేలా కుక్కడం, కొట్లాటలు, అత్యాచారాలు, మురికి గురించి సాక్ష్యం విన్నాక, అలబామా జైళ్లలో బతుకే క్రూరమైన శిక్ష అని తేల్చి, ఒక్కో ఖైదీకి కనీసం 60 చదరపు అడుగుల గది ఉండాలన్నాడు. ఎన్నిక కాని జడ్జి రాష్ట్రాన్ని పాలిస్తున్నాడన్న వాలెస్ ఆరోపణకు జాన్సన్ జవాబు ఒక్కటే: బాధ్యత ఉన్నవాళ్లు తమ పని తాము చేస్తే కోర్టు జోక్యం చేసుకోనక్కర్లేదు.

1977లో అధ్యక్షుడు కార్టర్ ఆయన్ని ఎఫ్‌బీఐ డైరెక్టరుగా ఎంపిక చేశాడు. వైద్య పరీక్షల్లో కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని తేలి, ఆపరేషన్ అయ్యాక కోలుకోవడం ఆలస్యం కావడంతో జాన్సన్ తప్పుకున్నాడు. 1979లో అప్పీళ్ల కోర్టుకు వెళ్లాడు. ఆ కోర్టు 1981లో రెండుగా చీలినప్పుడు అలబామా ఉన్న పదకొండో సర్క్యూట్‌కు మారి, 1991 దాకా పూర్తి స్థాయి జడ్జిగా పనిచేశాడు. మాంట్‌గోమరీలో ఆయన ఖాళీ చేసిన కుర్చీలో 1980లో మైరన్ థాంప్సన్ కూర్చున్నాడు. థాంప్సన్ పుట్టి పెరిగింది టస్కీగీలో. ఆయన నల్లజాతీయుడు.

1995లో దేశ అత్యున్నత పౌర పురస్కారం జాన్సన్‌కు అందింది. 1999 జులై 23న మాంట్‌గోమరీలో కన్నుమూస్తే, హేలీవిల్‌లోనే సమాధి చేశారు. బ్రైస్ ఆసుపత్రి కేసు ఆయన పోయాక కూడా నడిచి, మొదలైన 33 ఏళ్లకు, 2003లో ముగిసింది. మాంట్‌గోమరీ ఫెడరల్ కోర్టు భవనానికి 1992 నుంచి ఆయన పేరే ఉంది. 1961లో ఫ్రీడమ్ రైడర్లను గుంపులు కొట్టిన గ్రేహౌండ్ బస్ స్టేషన్ ఆ భవనాన్ని ఆనుకునే ఉంది. ఇప్పుడది మ్యూజియం.